మందుల గురించి రాయబోయే అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ వ్యాసం ఆగకుండా చదివించింది. కానీ “గర్భిణులు సల్ఫా మాత్రలు ముట్టుకోరాదు” అన్న ఆ శీర్షిక తీసెయ్యి. దాన్ని ఎవరు చదువుతారనుకున్నావు? మూత్రంలో మంటకని మెడికల్ షాపులో సెప్ట్రాన్ అనే సల్ఫా మాత్ర కొని వేసుకుని, వారం తిరక్కుండానే నెల తప్పిందని తెలుసుకున్న పిల్ల చదువుతుంది. ఆ రాత్రి ఆమెకు కునుకుండదు. అయిదో నెలలో డాక్టరు అన్నీ చూసి రాసిచ్చిన మాత్రలు వాడుతున్న మరొకామె చదివి, కోర్సు మధ్యలో ఆపేస్తుంది. ఇన్‌ఫెక్షన్ తగ్గక కిడ్నీలకు పాకితే నెలలు నిండకుండానే కాన్పు రావచ్చు. మందు వల్ల వచ్చే ముప్పు రాశావు సరే, మందు మానితే వచ్చే ముప్పు నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

ఇంకో సంగతి. సెప్ట్రాన్‌లో మందులు రెండు: సల్ఫా జాతి మందైన సల్ఫామెథాక్సజోల్, ఆ జాతి కాని ట్రైమెథోప్రిమ్. మొదటి మూడు నెలల భయం ఎక్కువగా ఆ రెండోదానితోనే. బిడ్డ ఎదుగుదలకు కావలసిన ఫోలేట్ అనే విటమిన్ పనికి అది అడ్డుపడుతుంది. బిడ్డకు మెదడూ వెన్నుపామూ అయ్యే నాళం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకోవాలి. అప్పటికి చాలామందికి నెల తప్పిన విషయమే రూఢి కాదు. నువ్వేమో నేరమంతా సల్ఫా మీద మోపావు. పోనీ, ఆ మాత్ర వేసుకున్న తల్లుల్లో ఎక్కువమందికి పిల్లలు ఏ లోపమూ లేకుండానే పుడతారన్న మాటైనా రాయాలి కదా. అది భయపెట్టే వాక్యం పక్కనే ఉండాలి, వ్యాసం చివర కాదు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం కూడా ఆ మూడు నెలల్లో తగిన వేరే మందు లేనప్పుడు వీటిని ఇవ్వవచ్చనే చెప్పింది.

కాన్పు దగ్గరపడ్డాక మాత్రం తప్పు సల్ఫాదే. కామెర్లలో ఒంటికి పసుపు రంగు తెచ్చే బిలిరుబిన్, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని తిరుగుతుంది. సల్ఫా వచ్చి ఆ చోటు ఆక్రమిస్తే, విడిపడిన బిలిరుబిన్ పసికందు మెదడుకు చేరే ప్రమాదం ఉంది. బిడ్డ కడుపులో ఉన్నన్నాళ్లూ మాయ ఆ బిలిరుబిన్‌ను తల్లి వైపు పంపేస్తుంది, చిక్కంతా పుట్టాకే. అందుకే డాక్టర్లు చివరి వారాల్లో ఈ మందు రాయడానికి వెనకాడతారు. జీ6పీడీ లోపం, అంటే ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ వంశపారంపర్యంగా తక్కువగా ఉండటం, ఉన్న కుటుంబమైతే ఎర్ర రక్తకణాలు చిట్లే ముప్పు కూడా తోడవుతుంది. బిలిరుబిన్ మెదడుకు చేరే ముప్పుకు రుజువుగా నువ్వు 1956 నాటి సిల్వర్‌మన్ అధ్యయనం చూపించావు. మంచి పనే. కానీ అక్కడ సల్ఫా ఇచ్చింది తల్లులకు కాదు, నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు, నేరుగా. ఆ తేడా రాయకపోతే పాఠకురాలిని తప్పుదారి పట్టించినట్టే.

ఈ మందును రాక్షసిని చేసేముందు దాని పుట్టుక కూడా చూడు. 1936లో లండన్ క్వీన్ షార్లెట్ ఆసుపత్రిలో కోల్‌బ్రూక్ అనే డాక్టరు బాలింత జ్వరానికి ప్రోంటోసిల్ ఇచ్చి తల్లుల మరణాలు తగ్గించాడు. తొలి సల్ఫా మందు అదే. ఈనాటికీ మలేరియా తీవ్రంగా ఉన్న ఆఫ్రికా ప్రాంతాల్లో నాలుగో నెల నుంచి గర్భిణులకు సల్ఫాడాక్సిన్–పైరిమెథమిన్ అనే సల్ఫా కలిసిన మలేరియా మందు ఇమ్మంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అదీ జ్వరం లేకపోయినా, ముందుజాగ్రత్తగా. మన దగ్గర ఆ పద్ధతి లేదు కాబట్టి అదెక్కడి సంగతో స్పష్టంగా రాయి. పేగుపూతకు వాడే సల్ఫాసలజీన్‌ను నీ జాబితాలోంచి తీసెయ్యి. ఫోలిక్ యాసిడ్ జోడించి గర్భంలోనూ దాన్ని కొనసాగిస్తారు.

మోతాదులు అసలు రాయకు. “బదులు ఇవి వాడండి” అని పేర్లూ ఇవ్వకు. మనవాళ్లు పేపరు ముక్క పట్టుకుని షాపుకెళ్లి అవే అడుగుతారు. ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే మూత్రం కల్చర్ పరీక్ష ఎందుకు చేయిస్తారో రాయి, ఎన్నో నెలో డాక్టరుకు ముందే చెప్పమని రాయి. ఇప్పటికే వేసుకున్నవాళ్లు కంగారుపడకుండా, ఆ మాత్రల అట్ట పట్టుకుని వెళ్లి చూపించమని మొదటి పేరాలోనే పెట్టు.

తిరగరాశాక ముందు ఒక గైనకాలజిస్టు చేత చదివించి, ఆ తర్వాత నాకు పంపు. శీర్షిక ఆఖర్న చూద్దాం.

మీ అత్తయ్య