బోరుబండి పక్కన నాన్న ముఖం

అనంతపురం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చేనిలో బోరు వేయడం మీద నీవు తీసి పంపిన చిత్రాన్ని రెండుసార్లు చూశాను. మాంటేజ్ భాగంలో, అంటే వేర్వేరు షాట్లను పక్కపక్కన అతికించి కొత్త అర్థం పుట్టించాల్సిన చోట, నలభై సెకన్లకు అరవై షాట్లు పేర్చావు. కళ్లు చెదిరాయి గాని మనసు కదలలేదు. వేగంగా కత్తిరించడమే మాంటేజ్ అనుకోవడం నీ ఒక్కడి పొరపాటు కాదులే.

రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని, ఏ భావమూ లేని ఒకే షాటును, ఒకసారి సూపు గిన్నె పక్కన, మరొకసారి శవపేటిక పక్కన అతికించి చూపితే, చూసినవారికి అందులో ఆకలీ దుఃఖమూ కనిపించాయని చెబుతారు. నీ దగ్గర అంతకంటె మంచి ముఖం ఉంది. గట్టు మీద గొంతుక్కూర్చుని బోరుబండి వైపు చూస్తున్న మీ నాన్న ముఖాన్ని నీవు అర సెకనులో దాటేశావు. దాని ముందు గొట్టం నుంచి లేచే తెల్లటి పొడి దుమ్మును పెట్టి, ఆ ముఖాన్ని నాలుగు సెకన్లు కదలనీయకుండా నిలిపి చూడు. తరువాత దుమ్ము తీసేసి తడి బురద పెట్టి చూడు. మీ నాన్న రెప్ప కూడా అదనంగా వేయడు, అయినా ఆయన వేరే మనిషిలా కనిపిస్తాడు.

రష్యా దర్శకుడే అయిన ఐసెన్‌స్టీన్ 1925లో తీసిన 'బ్యాటిల్‌షిప్ పొటెమ్కిన్'లో ఒడెస్సా మెట్ల ఘట్టం తప్పక చూడు. సైనికుల బూట్లు, తల్లి ముఖం, జారిపోయే పసిబిడ్డ బండి ఒకదాని తరువాత ఒకటి వస్తుంటే, మెట్లు దిగడానికి నిజంగా పట్టే సమయం కంటె తెర మీద ఎక్కువ సమయం గడుస్తుంది. 1972 నాటి 'గాడ్‌ఫాదర్'లో బాప్తిస్మం జరుగుతుండగా హత్యలు సాగే ఘట్టంలో, చర్చిలోని ఆర్గన్ మోతా పూజారి మాటలూ ఆ హత్యల మీద కూడా వినిపిస్తూనే ఉంటాయి. వేర్వేరు చోట్లను ఆ శబ్దమే ఒక్కటిగా కుట్టింది.

నీవూ అదే చేయవచ్చు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి నోట్లు లెక్కించే దృశ్యం మొదట్లో ఒంటరిగా పడి ఉంది. దానిని రాడ్లు భూమిలోకి దిగే దృశ్యంతో కలిపి, ఒక్కో రాడ్డు దిగినప్పుడు ఒక్కో నోటు చేయి మారేటట్లు అల్లి, బోరు మోతను రెండింటి మీదా నడిపించు. మాట ఒక్కటీ అవసరం లేదు. నెలలు గడిచాయని చెప్పడానికి మనవాళ్లు పెట్టే మాంటేజ్ పాట మాత్రం ఇక్కడ వద్దు. జరిగినది ఒక్క రోజు.

మద్రాసులో సహాయకుడిగా ఉన్నప్పుడు నేనూ ఒక ముసలమ్మ చూపును సాగుతోందని కత్తిరించి పారేశాను. మా ఎడిటరు గారు కత్తిరించిన ఫిల్ము ముక్కలు పడే గుడ్డసంచి బోర్లించి, ఆ ముక్క దొరికేదాకా నన్ను లేవనివ్వలేదు.

బోరుబండి ఆగిన తరువాతి నిశ్శబ్దాన్ని విడిగా రికార్డు చేశావా? లేకుంటే మళ్లీ చేనికి వెళ్లి ఒక్క నిమిషం పట్టుకు రా.

మీ మామయ్య