గుడి కథలు రాస్తానన్న మేనకోడలికి

చి. మేనకోడలికి మామయ్య దీవెనలు. ప్రభువు నామంలో శుభములు.

మన డోర్నకల్ వైపు క్రైస్తవ సంఘాల మీద నవ్వించే కథలు రాస్తానన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషమమ్మా, తప్పకుండా రాయి. ఆంగ్లికన్ పద్ధతిలో, అంటే ఇంగ్లండు చర్చి పద్ధతిలో, పెరిగిన గుళ్లలో ప్రతిదానికీ ఒక క్రమం ఉంటుంది, ఆ క్రమంలో ఇమడని మనుషులూ ఉంటారు. నీకు కావలసిన నవ్వంతా అక్కడే ఉంది.

పాస్టరు అయ్యగారిని మాత్రం దొంగగానో తెలివితక్కువవాడిగానో చూపించకు. పొద్దున ఒక ఊళ్లో ఆరాధన, మధ్యాహ్నం ఇంకో ఊళ్లో బాప్తిస్మం, రాత్రి కమిటీ మీటింగు. అలా అలసిపోయిన మంచి మనిషిని మధ్యలో నిలబెట్టు, చుట్టూ ఉన్నవాళ్లే కథ నడిపిస్తారు.

కోతకాలపు పండుగతో మొదలుపెట్టు. ఆల్టర్ (బలిపీఠం) మెట్ల మీద వడ్ల బస్తాలు, అరటిగెలలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ఆరాధన కాగానే వేలంపాట. ఒక్క గుమ్మడికాయకు ఇద్దరు పెద్దమనుషులు పోటీపడతారు. యాభైతో మొదలైన పాట ఐదొందలు దాటుతుంది. గెలిచినాయన లేచి, "మళ్లీ దేవునికే ఇస్తున్నాను" అంటాడు. గుమ్మడికాయ మళ్లీ బల్లెక్కుతుంది. ఓడినాయన జేబు తడుముకుంటాడు. ఇక్కడ తొందరపడకు. ట్రెజరర్ పెన్ను ఎక్కడ ఆగింది, అయ్యగారి భార్య అమ్మగారు కొంగు ఎప్పుడు నోటికి అడ్డం పెట్టుకున్నారు, కట్టు విప్పుకున్న కోడి ఎవరి కుర్చీ కిందికి దూరింది, అన్నీ రాయి.

కాస్త చరిత్ర కూడా తెలిసుండాలి. 1912లో అజరయ్య గారు డోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రెగేషనల్ వాళ్లు కలిసి సి.ఎస్.ఐ., అంటే దక్షిణ ఇండియా సంఘం, అయ్యారు. కాగితం మీద కలవడం ఒక ఎత్తు, ఒకే ఇంట్లో కలవడం ఇంకో ఎత్తు. డోర్నకల్ మామగారు పుస్తకంలో ఒక్క అక్షరం పోకుండా ప్రార్థన చదువుతాడు. మెథడిస్టుల మెదక్ నుంచి వచ్చిన అల్లుడు కళ్లు మూసుకుని సొంత మాటల్లో అరగంట ప్రార్థిస్తాడు. మామగారు ఆమేన్ కోసం కాచుకుని రెండుసార్లు ముందే అనేస్తాడు. అన్నం చల్లారిపోతుంది. ఇద్దరి భక్తీ నిజమైనదే, అందుకే నవ్వొస్తుంది. ప్రార్థనను మాత్రం ఎగతాళి చెయ్యకు.

సంఘంలోని ఆడవాళ్ల కూటం, స్త్రీల మైత్రిలో కూర్చో, మాట్లాడకుండా విను. ఆరాధన అయ్యాక చెప్పులేసుకునే చోట నిలబడితే మంచి సంభాషణలు చెవినపడతాయి.

మొదటి కథ పూర్తవగానే అమ్మమ్మకు చదివి వినిపించు. "ఇది ఫలానా వాళ్ల అబ్బాయి కదూ" అన్నదంటే ఊరూ ఉద్యోగమూ మార్చి మళ్లీ వినిపించు. ఆమె నవ్వితే నాకు పంపు. కమిటీ ఎన్నికల సంగతులు ఇంకో ఉత్తరంలో రాస్తాను.

మీ మామయ్య