స్తంభాలు కలిస్తే కొండ కలవడం లేదు

ప్రశ్న: మా తాతగారు సీతానగరం ఒడ్డు నుంచి తీసిన ప్రకాశం బ్యారేజి నలుపు తెలుపు ఫోటో మా ఇంట్లో ఉంది. దాని మీద తేదీ లేదు. ఈ మధ్య నేనూ అటువైపు నుంచే ఫోనుతో ఒక ఫోటో తీసి, జింప్ అనే ఉచిత ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాతదాని మీద లేయర్‌గా, అంటే పై పొరగా, పెట్టి చూశాను. బ్యారేజి స్తంభాలను కలిపితే వెనకనున్న ఇంద్రకీలాద్రి పక్కకు జరుగుతోంది, కొండను కలిపితే స్తంభాలు తప్పుతున్నాయి. ఫోటోషాప్ కొనుక్కుంటే ఈ ఇబ్బంది తీరుతుందా?
– ఒక పాఠకురాలు, గవర్నరుపేట, విజయవాడ

జవాబు: తీరదు, కాబట్టి డబ్బు ఖర్చు పెట్టకండి. ఫోటోషాప్‌లోని ఆటో అలైన్ లేయర్స్ రెండు చిత్రాలలోనూ ఉమ్మడిగా కనిపించే గుర్తులను వెతికి కలుపుతుంది. ఒకే చోట నిలబడి వెంటవెంటనే తీసిన ఫోటోలకు అది చక్కగా పనిచేస్తుంది గానీ, వెలిసిపోయిన పాత ప్రింటుకూ నేటి రంగుల ఫోటోకూ మధ్య గుర్తులు దొరకక తరచుగా విఫలమవుతుంది. అయినా మీ చిక్కు సాఫ్ట్‌వేర్‌లో లేదు, మీరు నిలబడిన చోటులో ఉంది.

కెమెరా కుడికి జరిగితే దగ్గరి వస్తువులు దూరపు వస్తువులతో పోలిస్తే ఎడమకు జరిగినట్టు కనిపిస్తాయి. స్తంభాలు దగ్గర, కొండ దూరం కనుక, తాతగారు నిలబడిన చోటికి మీరు కొంచెం పక్కన ఉన్నా ఆ రెండింటి పొందిక మారిపోతుంది. తిప్పడం, పెంచడం, తగ్గించడం లేయర్ మొత్తానికీ ఒకేలా వర్తిస్తాయి కాబట్టి ఆ పొందికను తిరిగి తేలేవు. వార్ప్ పనిముట్టుతో కొండను లాగి సరిపెట్టవచ్చు గానీ, అలా చేయవద్దని నా గట్టి సలహా. అప్పుడు మిగిలేది ఎవరూ ఎన్నడూ చూడని కొండ.

పాత ఫోటోను ఫోనులో పెట్టుకుని మళ్లీ సీతానగరం వెళ్లండి. కొండ అంచులో తేలికగా గుర్తుపట్టగల ఒక వంపు ఏ స్తంభానికి సూటిగా పైన పడుతోందో పాత ఫోటోలో చూసి, ఇప్పుడు కూడా అలాగే పడేదాకా పక్కకు జరగండి. కొండతో పోలిస్తే స్తంభాలు పాతదానిలో కన్నా పెద్దవిగా ఉంటే మీరు మరీ దగ్గరికి వచ్చారన్నమాట, వెనక్కి వెళ్లాలి. జూమ్ చేయడం ఇందుకు బదులు కాదు, ఎందుకంటే అది దగ్గరి వాటినీ దూరపు వాటినీ సమానంగానే పెంచుతుంది. నీటి మట్టాన్ని, ఇసుక మేటలను, చెట్లను, కొండ మీది కట్టడాలను గుర్తులుగా తీసుకోకండి, అవన్నీ మారేవే. బ్యారేజి 1957లో పూర్తయింది కనుక మీ ఫోటోలో పూర్తయిన వంతెన కనిపిస్తే అది ఆ తర్వాతిదేనని కూడా తెలుస్తుంది.

ఇంటికి వచ్చాక పని తేలిక. పాత ప్రింటును ఫోనుతో తీయకుండా స్కానర్ మీద 600 డీపీఐలో స్కాన్ చేయించి కింది లేయర్‌గా ఉంచండి. దాన్ని కదపకండి, మార్పులన్నీ పైనున్న కొత్త ఫోటోకే చేయాలి. కింది చిత్రం కూడా కనిపించేలా పై లేయర్ ఒపాసిటీని (చిక్కదనాన్ని) 50 శాతానికి తగ్గించి, ఒకదానికొకటి దూరంగా ఉన్న రెండు స్తంభాల కొనలను ఎంచుకోండి. ముందు మొదటి కొనను కలపండి. తర్వాత జింప్‌లోని యూనిఫైడ్ ట్రాన్స్‌ఫామ్ పనిముట్టులో పివట్ గుర్తును (చిత్రం ఏ బిందువు చుట్టూ తిరగాలో చూపే గుర్తును) ఆ కొన మీదికి లాగి, నిడివి వెడల్పుల నిష్పత్తి చెదరకుండానూ పివట్ కేంద్రంగానూ పరిమాణం మారేలా స్కేల్‌కు సంబంధించిన రెండు గడులలో టిక్ పెట్టి, రెండో కొన కలిసేదాకా తిప్పుతూ పరిమాణం సరిచేయండి.

సరిచూడడానికి రెండు లేయర్ల మధ్య తేడాను మాత్రమే చూపే డిఫరెన్స్ మోడ్ వాడమని చాలామంది చెబుతారు. ఒకే రకమైన ఫోటోలకు అది మంచిదే, కలిసిన చోట నల్లగా మారుతుంది. మీ ఫోటోల ఛాయలు వేరు కనుక, పై లేయర్ రంగు తీసేసి ఇన్వర్ట్ చేసి (నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా మార్చి) 50 శాతం ఒపాసిటీలో చూడండి. కుదిరిన చోట అంచులు బూడిద రంగులో కలిసిపోతాయి, కుదరని చోట జంట గీతలుగా కనిపిస్తాయి. ఇదంతా పై లేయర్ నకలు మీద చేసి, చూసుకున్నాక ఆ నకలును తీసేయండి.

పాత, కొత్త భాగాలను ఒకే చిత్రంలో చూపాలంటే ఎరేజర్‌తో చెరపకుండా పై లేయర్‌కు లేయర్ మాస్క్ వేసి, దాచాల్సిన చోట ఆ మాస్క్ మీద నల్ల రంగు పూయండి. మనసు మారితే తెల్ల రంగుతో తిరిగి తెచ్చుకోవచ్చు. జేపీజీగా ఎక్స్‌పోర్ట్ చేసే ముందు లేయర్లు ఉండే ఎక్స్‌సీఎఫ్ ఫైలును తప్పక సేవ్ చేసుకోండి.