కారు అద్దం లోపలి జిడ్డు: రుద్దే ముందు అదేమిటో చూడు

సందేహం: అన్నా, మాది కనిగిరి దగ్గర పల్లె. డాలస్ వచ్చి నాలుగు నెలలైంది. ఆఫీసుకి వెళ్లడానికి ఎనిమిదేళ్ల పాత కారు ఒకటి కొన్నాను. పగలు బాగానే ఉంటుంది. రాత్రి ఎదురుగా వచ్చే బండ్ల లైట్లు పడితే మాత్రం ముందు అద్దమంతా పాలు పూసినట్టు తెల్లబడి రోడ్డు కనపడటం లేదు. నీలం రంగు గ్లాస్ క్లీనర్ కొట్టి మూడుసార్లు తుడిచాను, చారలు పడ్డాయే గాని పోలేదు. వెనక అద్దం మీద ఎవరో వేయించిన ఫిల్మ్ ఊదారంగుకి తిరిగి బుడగలు లేచింది. ముందు అద్దం మీద పాత స్టికర్ల బంక కూడా ఉంది. బ్లేడుతో గీకేద్దామా? రాత్రి డ్యూటీ అయ్యాక ఇంటికి రావాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ బ్లేడు పక్కన పెట్టు. ఎందుకంటున్నానో చెబుతాను.

2012లో కార్ల అద్దాలకు నల్ల ఫిల్ములు ఉండకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. మే 4 నుంచి అమలన్నారు. అప్పుడు నేను సెలవు మీద ఊళ్లో ఉన్నాను. మాది చీమకుర్తి. మా పెదనాన్న కొడుకు కారు తీసుకుని ఇద్దరం ఒంగోలు వెళ్లాం, ఫిల్మ్ తీయించడానికి. ఏ షాపు ముందు చూసినా కార్ల వరసే. మా వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. పనివాడు పొద్దుటి నుంచి అలిసిపోయి ఉన్నాడు. ఫిల్మ్ లాగేశాడు, వెనక అద్దం మీద మిగిలిన బంకను బ్లేడుతో బరబరా గీకేశాడు. అద్దం తళతళలాడింది, మేమూ సంతోషంగా ఇంటికొచ్చేశాం. ఆ ఏడాది చివర్లో నీలం తుపాను వానలు పడ్డప్పుడు గాని తెలియలేదు, వెనక అద్దం మీద డీఫాగర్ గీతలు మూడు తెగిపోయాయని. అద్దానికి పట్టిన ఆవిరి ఆ మూడు గీతల మేర పోవడం లేదు. రివర్స్ తీసేటప్పుడు మా అన్న తల బయటపెట్టి వానలో తడుస్తూ చూసుకునేవాడు.

ఆ సన్నటి గీతలు అద్దం లోపలి వైపునే ఉంటాయి. కరెంటు పారి వేడెక్కే గీతలవి. పైన అచ్చు వేసినవే కాబట్టి బ్లేడు అడ్డంగా తగిలితే తెగుతాయి. డాలస్‌లో జనవరి పొద్దున్నే బండి తీయాలంటే అవి లేకుండా కష్టం. కాబట్టి వెనక అద్దం మాట చివర్లో చూద్దాం. ముందు అద్దం ఈ వారమే చెయ్యి. రాత్రి రోడ్డు కనపడకపోవడం అన్నిటికంటే పెద్ద విషయం.

కారు అద్దానికి లోపల పట్టేది ఒకటే రకం మురికి కాదు. డాష్‌బోర్డు ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థాలు ఎండ వేడికి కొద్దికొద్దిగా ఆవిరై లేచి, అద్దం మీద సన్నటి నూనె పొరలా పేరుకుంటాయి. కొత్త కారు వాసన అంటామే, అందులో ఇదీ ఉంది. టెక్సాస్ ఎండలు మన ఒంగోలు రోహిణి కార్తె కంటే తక్కువేం కాదు, పైగా రోజంతా బండి మూసి పార్కింగ్‌లో ఉంటుంది. అమ్మేముందు డాష్‌బోర్డు నిగనిగలాడాలని పాలిష్ పూసి ఉంటే అదీ లేచి అద్దం ఎక్కుతుంది. ఇక పాత యజమానికి సిగరెట్ అలవాటుంటే అది వేరే లెక్క. పొగలోని తారు పసుపు గోధుమ రంగులో బంకలా పడుతుంది. తెల్లటి గుడ్డ తడిపి అద్దం మూలలో ఒకసారి తుడిచి చూడు. గుడ్డ పచ్చబడితే సిగరెట్ తారు. రంగు లేకుండా అద్దం మీద ఇంద్రధనుస్సులా మెరుస్తూ పాకితే నూనె పొర.

మనవాళ్ల కార్లలో ఇంకోటి చూస్తుంటాను. మంచి వాసన కోసం కర్పూరం బిళ్లలు చిన్న గిన్నెలో వేసి డాష్‌బోర్డు మీద పెడతారు. మా అమ్మ వచ్చినప్పుడు నా కారులోనూ పెట్టింది. వారం తిరిగేసరికి ముందు అద్దం కింద భాగమంతా తెల్లటి మసక. కర్పూరం కరగకుండానే ఆవిరై, చల్లగా ఉన్న అద్దం తగిలిన చోట మళ్లీ గడ్డకడుతుంది. నీళ్లలో అది కరగదనే చెప్పాలి, అందుకే తడిగుడ్డతో ఎంత తుడిచినా పాకుతుందే గాని పోదు. స్పిరిట్‌లో ఇట్టే కరుగుతుంది. అమ్మకు చెప్పాను, ఆ గిన్నె ఇప్పుడు ఇంట్లో పూజగదిలో ఉంది. బండికి కొత్తలో పూజ చేసినా అగరొత్తులు తలుపులన్నీ తీసి బయట వెలిగించండి. మూసిన కారులో ఆ పొగంతా అద్దానికే పడుతుంది.

నువ్వు వాడిన నీలం క్లీనర్ తప్పు మందేం కాదు, చాలని మందు. పైపై దుమ్ముకు సరిపోతుంది. మందంగా పట్టిన జిడ్డును ఒకచోట నుంచి ఇంకోచోటికి జరుపుతుంది, ఆ జరిగినదే నీకు చారగా కనిపిస్తోంది. ఇంకో సంగతి, అలాంటి క్లీనర్లలో చాలావాటికి అమోనియా ఉంటుంది. ఫిల్మ్ ఉన్న అద్దాలకు అది పడదు. అమోనియా లేదని సీసా మీద రాసి ఉన్నది తెచ్చుకో.

తెచ్చుకోవాల్సినవి ఇంకా కొన్నే. గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు నీ వంటింట్లో ఉంది. మందుల షాపులో 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది, రబ్బింగ్ ఆల్కహాల్ అంటారు, మన దగ్గర ఇంజెక్షన్‌కి ముందు దూదితో రాసే స్పిరిట్ లాంటిదే. మైక్రోఫైబర్ గుడ్డలు అరడజను కావాలి. వాటిని ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకు, డ్రయర్‌లో షీటు కూడా పెట్టకు. ఆ మెత్తదనం తెచ్చే పదార్థమే మళ్లీ అద్దానికి అంటుకుంటుంది. చాలామంది ఎంత తుడిచినా చారలు పోవడం లేదని తల పట్టుకునేది ఇక్కడే.

నీడలో బండి ఆపి, అద్దం చల్లబడ్డాక మొదలుపెట్టు. నాలుగు తలుపులూ తీసి ఉంచు. గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు చుక్కల సబ్బు చాలు, నురగ అక్కర్లేదు. గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడువు. అద్దం మీదకు నేరుగా స్ప్రే కొట్టకు. కిందికి కారిన నీళ్లు డాష్‌బోర్డు లోపలికి, స్క్రీన్‌లోకి పోతాయి. వెనక బండ్లు చూసుకునే నడి అద్దం వెనక కెమెరా ఉంటే ఆ చుట్టూ ఇంకా జాగ్రత్త. గుడ్డను నాలుగు మడతలు పెట్టుకుంటే ఎనిమిది వైపులు వస్తాయి, ఒక వైపు మురికి కాగానే తిప్పుకో. మురికైన వైపుతో తుడిస్తే తీసిన జిడ్డునే మళ్లీ పూసినట్టు. తారు పట్టిన బండికి ఈ సబ్బు నీళ్ల పని రెండు మూడుసార్లు పడుతుంది, నీళ్లు పచ్చగా మారినప్పుడల్లా పారబోసి కొత్తవి పెట్టుకో.

మా బాబాయి చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ దగ్గర చాలా ఏళ్లు పనిచేశాడు. మన గెలాక్సీ రాయి అద్దంలా మెరవాలంటే పాలిష్ పట్టేటప్పుడు వచ్చే బురదను రాయి మీద ఆరనివ్వకూడదనేవాడు. ఆరిందంటే మళ్లీ మొదటికొచ్చినట్టే. కారు అద్దానికీ అంతే. మొత్తం అద్దం ఒకేసారి తడపకు. మూరెడు మేర తడి గుడ్డతో తుడిచి, అది ఆరకముందే పొడి గుడ్డతో ఎత్తేసి పక్కకు జరుగు.

సబ్బు పని అయ్యాక ఆల్కహాల్ గుడ్డ మీద పోసుకుని ఇంకోసారి తుడువు. నూనె పొర, కర్పూరం, వేలిముద్రలు దీనితో పోతాయి. ఇది త్వరగా మంట అంటుకునే పదార్థం, దగ్గర్లో ఎవరూ సిగరెట్ వెలిగించకుండా చూసుకో. ముందు అద్దం కింద మూలలకు చెయ్యి అందదు. పక్క సీటులో కూర్చుని అరచెయ్యి పైకి తిప్పి, గుడ్డను వేళ్ల మీద పరుచుకుని తోస్తే అందుతుంది. పక్క కిటికీలను రెండంగుళాలు దించి పై అంచు కూడా తుడువు. రబ్బరు కింద దాగిన పసుపు చార అక్కడే మిగిలిపోతుంది. లోపల నిలువుగా, బయట అడ్డంగా తుడుచుకుంటే ఏదైనా చార మిగిలినా ఏ వైపుదో దాని తీరు చూసే తెలుస్తుంది.

అప్పటికీ మొండిగా మిగిలితే మెలమైన్ స్పాంజి, అంటే మొండి మరకలు తీసే తెల్లటి స్పాంజి, తడిపి మెల్లగా రుద్దు. ఫిల్మ్ లేని అద్దానికి మాత్రమే. డాష్‌బోర్డుకి, స్క్రీన్‌కి తగలనివ్వకు. ఇక ఏ కారణం చేతా అమోనియా ఉన్నదాన్ని గాని, వెనిగర్‌ను గాని బ్లీచ్‌తో కలపకు. విషవాయువు పుడుతుంది, కారులో అయితే మరీ ప్రమాదం.

స్టికర్ల సంగతి. తీసేముందు ఏది ఎవరిదో చదువు. టెక్సాస్ రిజిస్ట్రేషన్ స్టికర్ డ్రైవర్ వైపు కింద మూలలో లోపల అంటించి ఉంటుంది, నీ పేరు మీద వచ్చినదాన్ని ముట్టుకోకు. పాతాయన టోల్‌ట్యాగ్ స్టికర్ ఉంటే తీసెయ్యి, లేకపోతే నువ్వు తిరిగిన టోలు ఆయన ఖాతాలో పడి ఇద్దరికీ తలనొప్పి. నీది కొత్తది అంటించాక కదిలించకు. ఊడదీస్తే పనిచేయదు, మన ఫాస్టాగ్ లాగే.

హెయిర్ డ్రయర్‌తో స్టికర్‌ను వేడిచేసి, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో మూల లేపి మెల్లగా లాగు. మిగిలిన బంక మీద కొబ్బరినూనె రాసి పది నిమిషాలు వదిలెయ్యి, మెత్తబడుతుంది. తుడిచాక సబ్బు నీళ్లు, ఆ తర్వాత ఆల్కహాల్, లేకపోతే బంక పోయి నూనె మిగులుతుంది. డాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మకు వేసిన టేపు అయితే గట్టి నైలాన్ దారాన్ని కిందికి దూర్చి రంపంలా లాగితే తెగుతుంది. కొత్త బొమ్మ పెట్టుకునేటప్పుడు పక్క సీటు ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే మూత మీద పెట్టకు తమ్ముడూ. అది తెరుచుకున్నప్పుడు బొమ్మ రాయిలా వచ్చి తగులుతుంది.

వెనక అద్దం నేనైతే ఫిల్మ్ వేసే షాపుకే ఇస్తాను. ఆవిరితో తీస్తారా, బ్లేడుతోనా అని ముందే అడుగు. బ్లేడంటే ఇంకో షాపు చూసుకో. నువ్వే చేయాలనుకుంటే ఫిల్మ్‌ను వేడిచేస్తూ ఒక మూల నుంచి నిదానంగా లాగు. మిగిలిన బంకను సబ్బు నీళ్లతో తడుపుతూ, గీతలు ఎటు పోతే అటే గుడ్డతో తుడువు, అడ్డంగా వద్దు. సగం రోజు పడుతుంది. తొందర ఉన్న రోజు మొదలుపెట్టకు.

ఇదంతా అయ్యాక ఒక పని చెయ్యి. పది రోజులు చూడు. శుభ్రంగా తుడిచిన ముందు అద్దం మీద జిగురుగా పొర మళ్లీ వస్తూ, హీటర్ వేసినప్పుడు తియ్యటి వాసన కూడా కొడితే, అది సిగరెట్టూ కాదు ప్లాస్టికూ కాదు. కారు లోపలికి వేడిగాలి ఇచ్చే హీటర్ కోర్ నుంచి, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం కూలెంట్ కారుతోందని అర్థం. పక్క సీటులో కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్ తడిగా ఉందేమో చేత్తో నొక్కి చూడు. కూలెంట్ విషం, కారుతూ పోతే ఇంజిన్ కూడా వేడెక్కుతుంది. అలాంటప్పుడు గుడ్డలు పక్కన పెట్టి ఆ వారంలోనే మెకానిక్‌కి చూపించు.