నారుకు ఆకలి కాదు, ఉప్పు ఎక్కువైంది

ప్రశ్న: సార్, మాది మదనపల్లె. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి మారతహళ్లిలో ఫ్లాటులో ఉంటున్నాం. బాల్కనీలోకి ఎండ రాదు. అందుకని ఆన్‌లైన్‌లో రెండడుగుల వెడల్పున్న గ్రో టెంటు (లోపల లైటు పెట్టి మొక్కలు పెంచే గుడారం), ఊదారంగు 9 వాట్ల బల్బు కొని, పడుకునే గదిలో పెట్టి, బల్బు మూడడుగుల ఎత్తున కట్టి, 98 గుంతల ప్రోట్రేలో టమాటా, మిర్చి గింజలు వేశాను. నారు పెంచడం ఇదే మొదటిసారి. సగం మొక్కలు ఊళ్లో మా అమ్మ పెరట్లోకి పంపుదామని ఆశ. మొలకలు బాగానే వచ్చాయి గానీ వారం తిరిగేసరికి సన్నగా, పాలిపోయి, పొడుగ్గా సాగిపోయాయి. ఆకుల అంచులు మాడుతున్నాయి. కొన్ని మొదట్లో నూలుపోగులా సన్నబడి పడిపోతున్నాయి. చిన్న నల్ల ఈగలు కూడా తిరుగుతున్నాయి. పురుగుమందుల షాపులో ఫొటో చూపిస్తే పొటాష్, జింకు లోపమని చెప్పి 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది), హ్యూమిక్ యాసిడ్, సూక్ష్మపోషకాల పొడి, ఈగలకు ఇమిడాక్లోప్రిడ్ ఇచ్చారు. రెండు రోజులకోసారి అన్నీ కలిపి పోస్తున్నాను. నీళ్లు వృథా కాకూడదని ఆర్వో ఫిల్టరు నుంచి బయటికొచ్చే వేస్ట్ వాటరే వాడుతున్నాను. ఒక ఫ్రెండు పంపిన వీడియోలో చెప్పినట్టు బల్బు రోజుకు 18 గంటలు వేస్తున్నాను. తేడా కనిపించడం లేదు. ఆరు ఫొటోలు పంపుతున్నాను. డోసు పెంచమంటారా?

జవాబు: పెంచొద్దు. అసలు ఆ పొడులు, మందులు పోయడమే ఈరోజుతో ఆపేయండి.

మీ నారుకు పొటాష్ లోపం లేదు, జింకు లోపమూ లేదు. టమాటాలో పొటాష్ లోపం ముందుగా ముదురాకుల అంచుల మీద కనిపిస్తుంది. వారం వయసు మొలకకు ముదురాకులు ఎక్కడివి? విత్తనం తనతో తెచ్చుకున్న ఆహారం మీదే మొలక నిలదొక్కుకుంటుంది. మొదటి జత అసలు ఆకులు (గింజాకుల తర్వాత వచ్చేవి) విచ్చుకునే దాకా ఏ ఎరువూ అక్కర్లేదు. పాలు తాగే బిడ్డకు బిర్యానీ తినిపించినట్టుంది మీ షాపువారి సలహా.

ఆకుల అంచులు మాడింది ఉప్పు వల్ల. ఆర్వో యంత్రం మీరు తాగే నీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ వేస్ట్ వాటర్‌లోకే చేరతాయి. బెంగళూరులో కావేరి నీళ్లు రాని అపార్ట్‌మెంట్లకు బోరు, ట్యాంకరు నీళ్లే దిక్కు. వాటిలో లవణాలు మామూలుగానే ఎక్కువ. ఫిల్టరు దాటి వచ్చిన వేస్ట్ వాటర్‌లో ఇంకా ఎక్కువ. దానికి తోడు 19:19:19 కూడా లవణమే. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఇటుకను కడగకుండా వాడి ఉంటే కొబ్బరి పీచులో ఉన్న సోడియం కూడా కలుస్తుంది. మీరు పంపిన మూడో ఫొటోలో ట్రే అంచుల వెంట తెల్లటి పొర కనిపిస్తోంది. బూజు అనుకున్నారేమో, అది ఉప్పు. ఆ వేస్ట్ వాటరుతో బాల్కనీ కడగండి, ఇల్లు తుడవండి, నారుకు మాత్రం వద్దు.

చాలామంది మట్టి పరీక్ష చేయించమంటే నవ్వుతారు, నీళ్ల పరీక్ష అంటే అసలు వినరు. నాలుగు రకాల పొడులు కొనే ముందు కొన్ని వందలు పెట్టి ఒక టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) కొనండి. పెన్నులా ఉంటుంది, నీళ్లలో ముంచితే అంకె చూపిస్తుంది. నారుకు పోసే నీళ్లలో 300 లోపు ఉంటే నిశ్చింత. 500 దాకా పర్వాలేదు. 1000 దాటితే వాడొద్దు. మీ వంటింటి కుళాయి, వేస్ట్ వాటరు, తాగే నీళ్లు మూడూ కొలిచి చూడండి. వాన పడితే ఒక బకెట్ పట్టుకోండి, నారుకు అంతకంటే మంచి నీళ్లు లేవు. వాన లేకపోతే ఆర్వో మంచినీళ్లు, కుళాయి నీళ్లు సగం సగం కలపండి.

పడిపోతున్న మొక్కల సంగతి వేరు. అది నారుకుళ్లు తెగులు. పిథియం, రైజోక్టోనియా అనే శిలీంధ్రాలు ఎప్పుడూ తడిగా ఉండే కుదుటి మీద బలుస్తాయి. పడిపోయిన మొక్క మళ్లీ లేవదు. దాన్ని ఆ గుంతలోని కోకోపీట్‌తో సహా తీసి చెత్తలో వేయండి, కంపోస్టు డబ్బాలో వద్దు. నిలబడి ఉన్నవాటికి ఒక్కసారి, ఉదయం పూట, మంచినీళ్లు కింది రంధ్రాల నుంచి ధారగా కారేదాకా పోసి ఉప్పు కడిగేయండి. ఆ తర్వాత పైపొర ఆరేదాకా చుక్క నీళ్లు పోయొద్దు. ఆరాక లీటరు నీటికి 3 గ్రా. కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి కాండం మొదళ్లు తడిసేలా పోయండి. ఒక ట్రేకు అర లీటరు చాలు, అంటే మందు ఒకటిన్నర గ్రామే. వారం తర్వాత ఇంకోసారి. ఇందులో వేరే ఏ మందూ, ఎరువూ కలపొద్దు. ఈ పని బాల్కనీలో, చేతికి గ్లవ్స్ వేసుకుని చేయండి. వంటింటి చెంచాలు, మగ్గులు ముట్టుకోవద్దు. సగానికి పైగా మొక్కలు పోయి ఉంటే మాత్రం మందు కూడా దండగ. ట్రే కడిగి మళ్లీ గింజలు వేసుకోండి.

ఇక వెలుతురు. మూడడుగుల ఎత్తున 9 వాట్ల బల్బు వేలాడదీస్తే మొలక దాన్ని అందుకోవడానికే సాగుతుంది. బల్బు నుంచి దూరం రెట్టింపైతే వెలుతురు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. గంటలు పెంచినా అది పూడదు. మీ ఫ్రెండు పంపిన 18 గంటల లెక్క విదేశాల్లో ఇళ్లలో గంజాయి పెంచేవాళ్లది. ఈ టెంట్లు, ఊదా బల్బులు బాగా చలామణీలోకి వచ్చింది చాలావరకు ఆ పంట వల్లే. మన దగ్గర లైసెన్సు లేకుండా గంజాయి మొక్క పెంచితే 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. కాబట్టి ఆ వీడియోలు చూసి ఆ మొక్క జోలికి వెళ్లకండి, ఆ లెక్కలు టమాటాకు పెట్టకండి. టమాటాకు రాత్రి చీకటి కావాలి. రోజంతా ఆపకుండా లైటు వేస్తే ఆకులు పసుపెక్కి మచ్చలు పడతాయి.

ఊదా బల్బు తీసేసి, మామూలు తెల్లటి రెండడుగుల ఎల్‌ఈడీ బ్యాటెన్లు (ట్యూబులైట్ లాంటివి), 10 వాట్లవి, నాలుగు పక్కపక్కన బిగించండి. డబ్బా మీద 6500కె (పగటి వెలుతురు లాంటి తెలుపు) అని ఉన్నవి చూసి కొనండి. మొక్కల కొసలకు 10–15 సెం.మీ. పైన ఉండాలి, మొక్క పెరిగే కొద్దీ పైకి జరపాలి. టైమరు పెట్టి ఉదయం 6 నుంచి రాత్రి 8 దాకా, 14 గంటలు చాలు. టెంటు జిప్పు మూయొద్దు. చిన్న యూఎస్‌బీ ఫ్యాను పెట్టి ఆకులు మెల్లగా కదిలేలా చూడండి. గాలికి ఊగిన కాండం లావెక్కుతుంది, పైపొరా ఆరుతుంది.

నల్ల ఈగలు తడి కోకోపీట్‌లో గుడ్లు పెట్టే రకం. పైపొర ఆరనిస్తే సగం పోతాయి, మిగిలినవాటికి పసుపురంగు జిగురు అట్టలు రెండు చాలు. ఈగ కనిపించగానే ఇమిడాక్లోప్రిడ్ చేతిలో పెట్టడం, అది కూడా పడుకునే గదిలో ఉన్న టెంటుకి! అమ్మేవాడికి మీ గది తెలీదు, కొనే మీరైనా అడగాలి కదా. సీలు తీయని ప్యాకెట్లు ఉంటే తిరిగి ఇచ్చేయండి.

మళ్లీ వేసేటప్పుడు టమాటా, మిర్చి ఒకే ట్రేలో వద్దు. టమాటా 5–7 రోజుల్లో వస్తే మిర్చికి 8–12 రోజులు పడుతుంది. ఒకదాని కోసం కప్పి ఉంచితే రెండోది సాగుతుంది. ట్రేను కత్తెరతో రెండు ముక్కలు చేసుకోండి. కోకోపీట్‌ను మంచినీళ్లలో రాత్రంతా నానబెట్టి పిండేసి, ఇలా రెండు మూడుసార్లు కడగండి. గుప్పిట్లో పిండితే ఉండ నిలవాలి, నీరు కారకూడదు. గింజ అర సెంటీమీటరు లోతులో వేయండి. గింజలు గులాబీరంగులో ఉంటే కంపెనీవాళ్లు మందు పట్టించే ఇచ్చారని అర్థం, మీరు ఇంకేమీ పట్టించొద్దు. మామూలు గింజలైతే కిలో గింజలకు 10 గ్రా. ట్రైకోడెర్మా విరిడి (తెగులును అణిచే, మేలు చేసే శిలీంధ్రం పొడి) లెక్క, మీ చిన్న ప్యాకెట్‌కు చిటికెడు. మొలక మెడ వంచి బయటపడిన రోజే మూత తీసి లైటు వేయాలి, మర్నాటికి వాయిదా వేయొద్దు. నీళ్లు ఉదయం మాత్రమే, అదీ ట్రే ఎత్తి చూస్తే తేలిగ్గా ఉన్నప్పుడే. అసలు ఆకులు రెండు వచ్చాక 19:19:19 లీటరుకు 1 గ్రా. చొప్పున వారానికోసారి, మొత్తం రెండుసార్లు. హ్యూమిక్ యాసిడ్ అక్కర్లేదు.

టమాటా 25 రోజులకు, మిర్చి 35–40 రోజులకు నాటడానికి వస్తాయి. చివరి వారం రోజూ ఉదయపు ఎండలో పెట్టి అలవాటు చేయాలి. మొదటి రోజు గంట, తర్వాత కొద్దికొద్దిగా పెంచాలి. మీ బాల్కనీకి ఎండ లేదు గనుక టెర్రస్ మీదికి మోయక తప్పదు. కాస్త సాగిన టమాటా మొక్కను కింది ఆకుల దాకా లోతుగా నాటితే కాండం నుంచే వేర్లు వేస్తుంది. మిర్చికి ఆ వెసులుబాటు లేనట్టే, సాగిన మిర్చి నారు పారేయండి. అమ్మగారి పెరట్లో ఆకుముడత బాధ ఉంటే బెంగళూరు శివారు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్‌ఆర్) వారి అర్క రక్షక్ టమాటా వేసుకోండి. ఆకుముడత వైరసు, బ్యాక్టీరియా వాడు తెగులు, ముందస్తు ఆకుమాడు, మూడింటినీ తట్టుకునే హైబ్రిడ్. గింజ దాచుకుని మళ్లీ వేస్తే మాత్రం ఆ గుణాలు నిలవవు. ఊరికి పంపే ముందు రోజు సాయంత్రం ట్రే తడపండి. బస్సు డిక్కీలో వేయొద్దు, ఆ వేడికి మదనపల్లె చేరేసరికి వాడిపోతాయి. కాళ్ల దగ్గర పెట్టుకోండి.

పది రోజుల తర్వాత మళ్లీ రాయండి, మూడు నీళ్ల రీడింగులూ రాయండి. ఫొటోలు మాత్రం టెంటులో తీయొద్దు. మీరు పంపిన ఆరింటిలో నాలుగు ఊదా వెలుతురులో తీసినవే, వాటిలో ఆకు పచ్చగా ఉందో పసుపుగా ఉందో ఎవరికీ తెలీదు. ట్రేను కిటికీ దగ్గరికి తెచ్చి, పగటి వెలుతురులో, కాండం మొదలు కనిపించేలా దగ్గరగా ఒకటి తీసి పంపండి.