చల్లటి నీళ్లకు పన్ను జివ్వుమంటే రూట్ కెనాల్ తప్పదా?

నమస్కారం. కుండనీళ్లు తాగితే కింది పన్ను జివ్వుమని, గుటక పడేలోపే తగ్గిపోతోందని, దీనికి రూట్ కెనాల్ తప్పదా అని అడిగారు. మీరు చెప్పినంతవరకు తొందరపడనక్కరలేదని నా అభిప్రాయం.

పైపొర ఎనామెల్‌లో నరాలు లేవు. దాని కింది డెంటిన్‌లో వెంట్రుక కన్నా ఎంతో సన్నని గొట్టాలు ఉంటాయి. చిగురు జారి ఆ భాగం బయటపడితే, చల్లదనం తగలగానే గొట్టాలలోని ద్రవం చటుక్కున బయటివైపు కదులుతుంది, ఆ కదలికను ‘ఏ-డెల్టా’ అనే చురుకైన నరపోగులు పసిగట్టి సూది గుచ్చినట్టు నొప్పి పుట్టిస్తాయి. స్వీడన్ పరిశోధకుడు బ్రాన్‌స్ట్రామ్ 1960లలో ప్రయోగాలతో బలపరచిన వివరణ ఇదే.

పన్ను లోపల నరాలుండే మెత్తటి గుజ్జులోని ‘సీ’ అనే మరో రకం నరపోగుల తీరు వేరు. అవి వాపుకూ ఎక్కువ వేడికీ మెల్లగా స్పందించి, ఏ పన్నో తేల్చుకోలేని మొద్దు సలుపు పెడతాయి. నీళ్లు మింగిన అర నిమిషం తర్వాత కూడా నొప్పి నిలిచినా, వేడి కాఫీకి మొదలైనా, రాత్రి నిద్రలేపినా అప్పుడు రూట్ కెనాల్ మాట ఆలోచించవలసి వస్తుంది.

డాక్టరు విద్యుత్ పరికరంతో పన్నును పరీక్షిస్తే వచ్చే అంకె నరం స్పందిస్తోందని మాత్రమే చెబుతుంది, గుజ్జు ఆరోగ్యాన్ని కాదు. పక్క పళ్లతో పోల్చి చల్లదనపు పరీక్ష చేయమని అడగండి. ఈలోగా పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టుతో, మెత్తటి బ్రష్షుతో నాలుగు వారాలు తోమి చూడండి. బొగ్గుపొడి మాత్రం వద్దు.