తుఫాను తర్వాత ఇల్లు మారుతున్నారా? తడి సామాను గడప దాటనివ్వకండి

పాత ఇంట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి, ఇప్పుడు విశాఖ మధురవాడలో రెండో అంతస్తు ఫ్లాట్ అద్దెకి తీసుకున్నాం, మిగిలిన సామాన్లలో ఏవి తెచ్చుకోవాలి, ఇంట్లో ముందు ఏం చూసుకోవాలి అని అడిగారు.

తడి పూర్తిగా ఆరకుండా ఏదీ కొత్తింటికి తేకండి. అక్టోబరు, నవంబరుల్లో విశాఖ గాలిలోనే చెమ్మ ఉంటుంది. తలుపులేసిన ఫ్లాట్లో తడి పరుపు ఒక్కటున్నా వారం తిరక్కుండా పక్క గోడకి బూజు పడుతుంది.

ఏదైనా పారేసే ముందు ఫోటోలు తీయండి. గోడ మీద నీటి మరక ఎంత ఎత్తుందో టేపు ఆనించి మరీ తీయండి. నష్టం రాసుకోవడానికి ప్రభుత్వం వాళ్లొచ్చినా, బీమా సర్వేయరు వచ్చినా అదే ఆధారం.

ఫోము పరుపులు, ఉబ్బిన ప్లైవుడ్ మంచాలు, మురుగు నీళ్లు తాగిన దూది పరుపులు, వీటి మీద ఆశ వదిలేసుకోండి. టేకు సామానుని నీడలో గాలికి ఆరనివ్వాలి, ఎండలో పెడితే పగుళ్లిస్తుంది. ఇనప బీరువా మాత్రం బతుకుతుంది. కాకపోతే అందరూ పైపైన తుడిచి ఊరుకుంటారు. కింది అర తీసి చూడండి, అడుగు రేకుకీ కాళ్లకీ మధ్య సందులో బురద గడ్డకట్టి ఉంటుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే. మంచినీళ్లతో కడిగి, రెండు మూడు రోజులు తలుపులు బార్లా తీసి ఉంచి, ఎమ్రీ పేపరుతో రుద్ది రెడాక్సైడ్ ప్రైమరు వేయండి, రంగు ఆ తర్వాత. కొత్తింట్లో గోడకి ఆనించకుండా నాలుగంగుళాలు ఎడం వదలండి.

ఫ్రిజ్, మిక్సీ, మోటారు నడుస్తాయేమో చూద్దామని ప్లగ్గు పెట్టారో, లోపలి తడికి వైండింగ్ కాలిపోతుంది. మెకానిక్ విప్పి ఆరబెట్టాకే స్విచ్ వేయాలి. నీళ్లలో మునిగిన గ్యాస్ రెగ్యులేటర్‌ని డీలరుకిచ్చి మార్పించుకోండి.

అంటుకుపోయిన కాగితాల్ని తడిగా ఉండగా విడదీయకండి. కట్టని కట్టగానే ప్లాస్టిక్ సంచిలో చుట్టి, తెలిసినవాళ్ల ఫ్రిజ్‌లో ఐసు గదిలో పెట్టిస్తే బూజు ఆగుతుంది. తీరిక దొరికాక కొన్ని కొన్ని బయటికి తీసి ఫ్యాను కింద ఆరబెట్టుకోవచ్చు. ఆధార్, మరీ పాతది కాకపోతే పదో తరగతి మార్కుల మెమో, ప్రభుత్వ డిజీలాకర్ యాప్‌లో దొరుకుతాయి కాబట్టి వాటికోసం కంగారు అక్కర్లేదు. ముందు ఇంటి దస్తావేజులు చూసుకోండి.

ఇక ఫ్లాట్‌లో ముందు చూడాల్సింది నీళ్లు. సంపూ ట్యాంకూ తోమించాక వెయ్యి లీటర్లకి 150 గ్రాముల బ్లీచింగ్ పౌడరు లెక్క. బకెట్లో కలిపి, తేరుకున్నాక పై తేటే పోయాలి. గడ్డలతో పోస్తే పైపుల్లో సున్నం పేరుకుంటుంది. కుళాయిల్లో వాసన వచ్చేదాకా వదిలి, కట్టేసి, ఒక రాత్రి ఉంచి, ఆ నీళ్లన్నీ పారబోయాలి. అవి తాగేవి కావు, వాడేవీ కావు. ఎప్పుడో విప్పిన ప్యాకెట్ వద్దు, అందులో క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. బాత్రూం యాసిడ్ దగ్గరికి ఈ పౌడరుని రానివ్వకండి, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

తర్వాత స్లైడింగ్ కిటికీలు. అద్దాలు జరిగే కింది పట్టాలో చెంబుడు నీళ్లు పోయండి. బయటికి జారిపోతే సరే, గదిలోకి పొర్లితే పట్టాలో నీళ్లు పోయే కన్నాలు పూడిపోయాయన్నమాట, సన్న తీగతో పొడిచి తీయండి. సముద్రం వైపు కిటికీలు ఒక్కటే చూసుకుంటే చాలదు. తుఫాను కన్ను, అంటే దాని నడిమి భాగం, ఊరి మీదుగా పోతే కాసేపు గాలి ఆగి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది విశాఖ దగ్గరే, మళ్లీ రాదనుకోకండి.

మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకు మీ వాటాదైతే, తుఫాను హెచ్చరిక రాగానే నింపేయండి. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, ఖాళీదైతే ఎగిరి పక్క మేడ మీద పడుతుంది. మూతకి విడిగా తీగ చుట్టాలి, లేదంటే ట్యాంకు కదలకపోయినా మూత మాత్రం ఉండదు.